పాత పటాల నగల కిట్: గాజు మంచిదే, పటం మాత్రం మన ఊరిది పెట్టుకోండి

మ్యాపుల ముక్కలు గాజు కింద అంటించి లాకెట్లు, చెవిపోగులు చేసుకునే పటాల నగల కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, దాని మీద మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. గాజుకీ ట్రేలకీ పెట్టిన డబ్బు దండగ కాదు. జిగురు ట్యూబు పక్కన పెట్టేయాలి. లోపల వచ్చే పటాల కాగితాలతో ఏదీ చేయకపోవడమే మంచిది. శ్రీకాకుళం, విజయనగరం మనుషులు మెడలో లండన్ వీధులు వేసుకుని తిరగడం దేనికి? నాగావళి వంపు ఉంది, కళింగపట్నం దగ్గర వంశధార మొగ ఉంది, సాలూరు కొండలున్నాయి. వాటి పటాలు ఉచితంగా దొరుకుతాయి, పైగా కిట్‌లో వచ్చే అచ్చు కంటే వంద రెట్లు బాగుంటాయి.

ఈ తరహా కిట్లు చాలామంది అమ్ముతున్నారు, సరుకంతా ఇంచుమించు ఒకటే. 25 మి.మీ. గాజు డోములు, వాటికి సరిపోయే లాకెట్ ట్రేలు, చెవులకి 12 మి.మీ. డోములు, హుక్కులు, గొలుసులు, చిన్న జిగురు ట్యూబు, నాలుగైదు ఏ4 షీట్ల మీద ‘పాతకాలపు’ ప్రపంచ పటాలు. ఒక్కో వస్తువూ విడిగా చూద్దాం.

గాజు డోము అడుగు చదునుగా, పైన ఉబ్బెత్తుగా ఉంటుంది. పటం అడుగున అంటిస్తే పైనుంచి కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. రాగానే ప్రతి డోమునీ ఫోను స్క్రీన్ మీద బోర్లించకుండా పెట్టి వేలితో అంచు నొక్కి చూడండి. ఊగితే అడుగు చదునుగా లేదన్నమాట. అలాంటిదాని కింద కాగితం ఎంత నొక్కినా ఒక పక్క గాలి మిగిలిపోతుంది. తర్వాత తెల్ల కాగితం మీద పెట్టి లోపల బుడగలు, ఆకుపచ్చ ఛాయ ఉన్నాయేమో చూడండి. పదింటిలో ఒకటో రెండో పక్కకి పోతాయి, ఆ మేరకు లెక్కేసుకునే కొనాలి. బరువు కూడా గమనించండి. 25 మి.మీ. గాజు ఒక్కటే దాదాపు 4 గ్రాములు తూగుతుంది, ట్రేతో కలిపితే 6, 7 గ్రాములకి వెళ్తుంది. మెడలోకి ఇబ్బంది లేదు, చెవికి మాత్రం వద్దు. 12 మి.మీ. డోము ముప్పావు గ్రాము లోపే, చెవికి అదే సరైన కొలత.

ట్రేలు ‘యాంటిక్ ఇత్తడి’ అని రాసి ఉన్నా ఇత్తడి కాదు, జింకు మిశ్రమం మీద పూత. దానికి తప్పు పట్టం, ఆ ధరకి వచ్చేది అదే. చూసుకోవాల్సింది గొలుసు దూరే కాడ. అది ట్రేతో కలిపి పోతపోసిందైతే ఏళ్ల తరబడి ఉంటుంది. విడిగా టంకం పెట్టి అతికించిందైతే వేలితో రెండుసార్లు అటూ ఇటూ వంచగానే తేలిపోతుంది. ఊడిన కాడని కంసాలి దగ్గరకి తీసుకెళ్లినా జింకు మిశ్రమం వేడికి కరిగిపోతుంది కాబట్టి ఆయనా ఏమీ చేయలేడు. అందుకే వంచి చూడడం పటం అంటించక ముందే జరగాలి. ట్రే అంచు ఎత్తు కనీసం 2 మి.మీ. ఉండాలి. అంతకంటే తక్కువైతే డోము పక్కకి జారుతుంది.

మన తీరంలో పూత లోహానికి మరో గండం ఉప్పుగాలి. బారువ నుంచి భోగాపురం దాకా సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇలాంటి ట్రే వీపు నెలల్లోనే నల్లబడి, పచ్చటి చిలుము పడుతుంది. చెమట తగిలే చోట ఇంకా త్వరగా. పటం అంటించక ముందే ట్రే వీపునీ అంచునీ స్పిరిట్‌తో తుడిచి, రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయండి, పూతకీ పూతకీ మధ్య అరగంట ఆరనివ్వండి. చెవి హుక్కులు మాత్రం కిట్‌లోవి వాడొద్దు. పూతలో నికెల్ ఉంటే కొందరికి చెవి రంధ్రం దురద పెట్టి పుండు పడుతుంది. మీకు తెలిసిన కంసాలి చేత వెండి హుక్కులు చేయించుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు, సర్జికల్ స్టీల్‌వి అయినా సరే.

ఇక కిట్‌లో అన్నిటికంటే నాసిరకం వస్తువు పటాల షీట్లు. పెద్ద పటాన్ని ఏ4కి కుదించి అచ్చేస్తారు. పేర్లు చదవడానికి రావు, నదులు వెంట్రుకల్లా తేలిపోతాయి. ఇంక్‌జెట్‌తో అచ్చేసినవైతే ఇంకో తంటా. తడి జిగురు తగలగానే నీలం, ఎరుపు కలిసి ఊదాగా పాకుతాయి. చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలంటే ఒక మూల తడి దూదితో రుద్దండి. రంగు దూదికి అంటితే ఇంక్‌జెట్.

పటం ఎక్కడిది తీసుకోవాలన్నదే ఈ పనిలో రుచి ఉన్న భాగం. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ షీట్లు పీడీఎఫ్‌గా ఉచితంగా వస్తాయి. పాత టోపో షీట్ల (కొండలు, నదులు, ఊళ్లు వివరంగా చూపే సర్వే పటాల) లెక్కలో శ్రీకాకుళం పట్నం 65 ఎన్/15లో, విజయనగరం 65 ఎన్/8లో, బొబ్బిలి 65 ఎన్/6లో, సాలూరు 65 ఎన్/2లో, కళింగపట్నం 74 బి/3లో, టెక్కలి 74 బి/2లో పడతాయి. ఓపెన్ సిరీస్‌కి నంబర్లు వేరు కాబట్టి అక్కడ ఊరి పేరుతోనో, అక్షాంశ రేఖాంశాలతోనో వెతకాలి. ఇంకా పాతవి కావాలంటే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, టెక్సాస్ విశ్వవిద్యాలయం పెరీ కాస్టనేడా గ్రంథాలయం తమ సైట్లలో స్కాన్లు పెట్టాయి. రెండో దాంట్లో అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:2,50,000 స్కేలు యూ502 శ్రేణి ఉంది, అచ్చు చక్కగా వస్తుంది. బ్రిటిష్ కాలం పటాల్లో వెతికేటప్పుడు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అనీ కొట్టండి. లేకపోతే ఏమీ దొరకదు.

పాత పుస్తకాల దుకాణంలో అసలు పటమే చేతికొస్తే దాని వయసు మన జిల్లాలే చెప్పేస్తాయి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉంటే అది 1936 ఏప్రిల్‌కి ముందు పటం, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందుది. అవి విశాఖపట్నం జిల్లాలో కనిపిస్తే 1936 నుంచి 1950 మధ్యది. 1950 ఆగస్టు 15 తర్వాతది అయితే శ్రీకాకుళం విడి జిల్లా. విజయనగరం జిల్లాగా ఉంటే 1979 జూన్ 1 దాటింది. పార్వతీపురం మన్యం కనిపిస్తే 2022 ఏప్రిల్ తర్వాతది, అది పాత పటమే కాదు. జిల్లా సరిహద్దులు లేని చిన్న పటమైతే రైలు పట్టాలు చూడండి. విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను తెగకుండా ఉంటే 1931కి ఇటువైపుది. ఇదంతా ఎందుకంటే, 1936కి ముందు అచ్చయిన మంచి పటం దొరికితే కత్తెర దాని దగ్గరకే వెళ్లకూడదు. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఆ స్కాన్‌నే అచ్చేసి కోయండి. అసలుదాన్ని చదునుగా, చీకట్లో, పొడిగా దాచండి. చిరిగిపోయిన బడి అట్లాసులు, ఎక్కడపడితే అక్కడ దొరికే గోడ పటాలు మాత్రం నిరభ్యంతరంగా కోసుకోవచ్చు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, అమ్మేవాళ్లకి ఇది ముఖ్యం. ప్రభుత్వం ప్రచురించిన పటం మీద కాపీరైటు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అది దాటిన షీట్లు వాడుకోవచ్చు. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లు ఇంట్లోకి చేసుకుంటే ఫరవాలేదు గానీ, వాటి ప్రింట్లతో వస్తువులు చేసి అమ్మాలంటే సర్వే ఆఫ్ ఇండియా అనుమతి అడగాలి. రెండో మాట, విదేశీ పటాల్లో భారత సరిహద్దు చాలాసార్లు తప్పుగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా దేశ సరిహద్దు చూపే పటం ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. గోడకి పెట్టే దేశ పటాలు, ప్రపంచ పటాలు చేసి అమ్మేటప్పుడు ఉత్తర సరిహద్దు ఒకసారి సరిచూసుకోండి. ఊరి ముక్కతో చేసే లాకెట్‌కి ఈ బెడద లేదు.

ఇప్పుడు కొలత. 1:50,000 పటంలో 25 మి.మీ. డోము కిందకి వచ్చేది 1.25 కిలోమీటర్ల అడ్డం ఉన్న చక్రం. ఒక మోస్తరు ఊరూ, దాని పక్క చెరువూ సరిపోతాయి. శ్రీకాకుళంలో నది వంపూ, పట్నమూ, వంతెనా అన్నీ ఒకే లాకెట్‌లో కావాలంటే ఇది చాలదు. 1:2,50,000 పటం తీసుకుంటే 6.25 కిలోమీటర్లు వస్తాయి, నది ఆకారం తెలుస్తుంది. అంగుళానికి మైలు చూపే పాత షీట్లయితే డోము కింద దాదాపు మైలు. ఇంకో వైపు మన గ్రామ పటాలున్నాయి. మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం, సర్వే నంబరు వారీగా ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, చూసుకోవచ్చు. 1:5,000 స్కేలుకి అచ్చేస్తే అదే 25 మి.మీ.లో మూడెకరాల నేల కూర్చుంటుంది. తాతల నాటి పొలం గట్లు, పక్కన గెడ్డ, మధ్యలో సర్వే నంబరు. పెళ్లయి ఊరొదిలి వెళ్లే ఆడపిల్లకి ఇంతకంటే మంచి లాకెట్ మాకు తోచలేదు. రంగులుండవు, గీతలే కాబట్టి క్రీమ్ రంగు కాగితం మీద ముదురు గోధుమ రంగులో అచ్చేయించండి, కంటికి ఇంపుగా ఉంటుంది.

ఏ ముక్క కోయాలో ఎంచుకోవడానికి పాత చార్టు కాగితంలో 25 మి.మీ. గుండ్రటి రంధ్రం చేసి, పటం మీద నెమ్మదిగా జరుపుతూ చూడండి. టోపో షీటులో పసుపు సాగు నేల, ఆకుపచ్చ అడవి, నీలం నీరు, ఎరుపు ఇళ్లూ రోడ్లూ, గోధుమ రంగు ఎత్తుల గీతలు. చక్రం నిండా పసుపే ఉంటే లాకెట్ చప్పగా ఉంటుంది. మూడో వంతు నీలం, దాన్ని కోస్తూ ఒక ఎర్ర గీత ఉంటే చూపు అక్కడే ఆగుతుంది. కళింగపట్నం మొగ దగ్గర సముద్రం, ఏరు, ఇసుక మూడూ కలుస్తాయి, ఆ ముక్క ఎప్పుడూ కుదురుతుంది. సాలూరు వైపు కొండల్లో గోధుమ గీతలు ఒత్తుగా, పనస చెక్క ఈనెల్లా తిరుగుతాయి. చెవులకి ఆ ముక్కలు బాగుంటాయి, 12 మి.మీ.లో పేర్లెలాగూ పట్టవు. ఒక చెవికి నాగావళి, రెండో చెవికి వంశధార పెట్టినా జత కుదురుతుంది, నీలం గీత మందం రెండిట్లో ఒకేలా ఉండేట్టు చూసుకుంటే చాలు. పేరు కనిపించాలనుకుంటే అక్షరాలన్నీ నడిమి 18 మి.మీ. లోపల ఉండాలి. డోము అంచు దగ్గర గాజు వంపు తిరుగుతుంది, అక్కడ పడ్డ అక్షరాలు సాగిపోయి చదవడానికి రావు.

అచ్చు జిరాక్స్ సెంటర్‌లో లేజర్ కలర్ ప్రింటే తీయించాలి. కాగితం 90 లేదా 100 జీఎస్ఎం. ఫోటో పేపర్ వద్దు, దాని నునుపు పూత నీటి జిగురుని పీల్చదు. అచ్చేసే ముందు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి వంద శాతం పెట్టమని చెప్పండి. ఇది చెప్పకపోతే పటం ఐదారు శాతం కుదించి ఇచ్చేస్తారు, మీ లెక్కలన్నీ తప్పుతాయి. ఒక ఏ4 మీద 25 మి.మీ. చక్రాలు నలభై పైగా పడతాయి కాబట్టి రకరకాల ముక్కలు ఒకే పేజీలో సర్దుకోండి.

అంటించే పని తొందరపడితే చెడుతుంది. డోము అడుగు స్పిరిట్‌తో తుడిచాక మళ్లీ వేలు తగలనివ్వొద్దు. గాజు చదును వైపు మధ్యలో మిరియం గింజంత నీటి జిగురు వేయండి. కాగితం బొమ్మలు అంటించే పనికి వాడే, ఎండితే పారదర్శకంగా మారే డికూపేజ్ జిగురే ఇది. పటం ముఖం గాజుకి ఆనేలా పెట్టి, మధ్య నుంచి అంచులకి బొటనవేలితో నెట్టండి. గాలి, మిగులు జిగురు అంచుల నుంచి బయటికి రావాలి. తిప్పి చూస్తే వెండిలా మెరిసే మచ్చలు కనిపిస్తే అక్కడ కాగితం గాజుని అంటుకోలేదని అర్థం. జిగురు తడిగా ఉండగానే కాగితం ఒలిచి మళ్లీ వేయండి. ఎండిన తర్వాత ఆ మచ్చకి మందు లేదు.

చాలామంది తప్పు చేసేది దీని తర్వాతే. నీటి జిగురు ఆరడానికి నీరు బయటికి పోవాలి. ముందు గాజు అడ్డు కాబట్టి కాగితం వీపు గుండానే పోవాలి. ఆ వీపుని తొందరగా వార్నిష్‌తోనో రెండో పూత జిగురుతోనో మూసేస్తే లోపలి తేమకి దారి లేక పటం పాలరంగుగా ఉండిపోతుంది. డోములు బోర్లించి, వీపు గాలికి వదిలి, వేసవిలో ఒక పూర్తి రోజు, వానాకాలంలో రెండు రోజులు ఆరనివ్వండి. తెలుపు పూర్తిగా పోయిందాకా ముట్టొద్దు. ఆ తర్వాత అంచుల్లో మిగిలిన కాగితాన్ని గోళ్ల ఆకురాయితో గాజు వైపు నుంచి బయటికి, ఏటవాలుగా రుద్దితే తెగిపోతుంది. అంగుళం పంచ్‌తో కోసిన చక్రం 25.4 మి.మీ. ఉంటుంది కాబట్టి ఈ రుద్దుడు తప్పదు. అప్పుడు వీపు మీద అదే జిగురు రెండు పలచటి పూతలు వేసి మూసేయండి.

ఈ మూత వేయకుండా ట్రేలో అతికిస్తే ఇంకో గొడవ. లోహానికి గాజు పట్టాలంటే బీ7000 లాంటి ద్రావణి జిగురు కావాలి. ఆ ద్రావణి కాగితంలోకి ఇంకి లేజర్ టోనర్‌ని కరిగిస్తుంది, మర్నాటికి నది రంగు పొలాల్లోకి పాకుతుంది. వీపు మూసి ఉంటే ఈ భయం లేదు. కిట్‌లో వచ్చే ట్యూబు మీద చాలాసార్లు అది ఏ రకం జిగురో రాసి ఉండదు. అందుకే పక్కన పెట్టమన్నాం. ఫెవిక్విక్ తరహా క్షణాల జిగురు ఈ పనికి అస్సలు పనికిరాదు. దాని ఆవిరి గాజు లోపలి వైపున, లోహం మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది, మన తేమ గాలిలో మరీ ఎక్కువ.

డోము లేకుండా ట్రేలో పటం పెట్టి పైన రెజిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవంతో కలిపితే గాజులా గట్టిపడే ద్రవం) పోసే పద్ధతి కూడా ఉంది. చూడ్డానికి సన్నగా, నాజూగ్గా ఉంటుంది, బరువు తక్కువ. 25 మి.మీ. ట్రేలో 2 మి.మీ. లోతుకి 1 మి.లీ. రెజిన్ పడుతుంది. పది లాకెట్లకి 10 మి.లీ., కప్పుకి అంటుకునేది కలుపుకుంటే 15 కలపాలి. రెజిన్, హార్డెనర్ పాళ్లు సీసా మీద ఎలా రాసి ఉంటే అలాగే, పరిమాణం అంటే పరిమాణం, బరువు అంటే బరువు. 2:1 అని రాసినదాన్ని కంటి అంచనాతో కలిపితే వారమైనా జిగటగానే ఉంటుంది. మూడు నిమిషాలు నెమ్మదిగా, కప్పు పక్కలు, అడుగు గీకుతూ కలపండి. పోశాక బుడగలు తేలితే లైటర్ మంట పైపైన ఒక్కసారి ఆడించి తీసేయండి, అక్కడే ఆపి పట్టుకుంటే రెజిన్ పచ్చబడుతుంది. పటానికి ముందూ వెనకా రెండేసి పూతల జిగురు వేసి, ఎండబెట్టాకే రెజిన్ పోయాలి. లేకపోతే కాగితం రెజిన్‌ని పీల్చుకుని నూనె మరకలా నల్లబడుతుంది, వెనక అచ్చుంటే అది కూడా ముందుకు కనిపిస్తుంది.

రెజిన్‌కి మన జిల్లాల వాతావరణం పెద్ద పరీక్ష. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున పోస్తే పైన మసకగా, చేతికి జిడ్డుగా ఒక పొర తేలుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా, పగలు పదకొండు నుంచి నాలుగు మధ్య చేసిన పోతలు నికార్సుగా వస్తాయి. మే నెలలో మరో ఇబ్బంది. వేడికి కప్పులోనే రెజిన్ త్వరగా గట్టిపడుతుంది, కాబట్టి ఒకేసారి 30 మి.లీ. మించి కలపొద్దు. పోసిన ట్రేల మీద ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించి 24 గంటలు కదపకండి. పూర్తి గట్టిదనం రావడానికి మూడు రోజులు. నైట్రైల్ చేతి తొడుగులు, తెరిచిన కిటికీ తప్పనిసరి. ఒకసారి రెజిన్ చర్మానికి పడకపోవడం మొదలైతే తర్వాత ఎప్పటికీ పడదు. యూవీ దీపం వెలుతురుకి గట్టిపడే యూవీ రెజిన్ రెండు మూడు నిమిషాల్లో పని ముగిస్తుంది గానీ వెలుతురు తగిలినంత వరకే. 1 మి.మీ. చొప్పున పొరలుగా పోసుకోవాలి. అమ్మకానికి చేసేవాళ్లు ఏ రెజిన్ లాకెట్ అయినా ఎండలో ఏళ్ల తరబడి ఉంటే పసుపెక్కుతుందని కొనేవారికి చెప్పాలి. గాజు డోముకి ఆ జబ్బు లేదు. మా ఓటు గాజుకే.

ఇంటి అలంకరణ వైపు వస్తే, కిట్లు అమ్మేవాళ్లు అదే బొమ్మల్లో కోస్టర్లు (గ్లాసు కింద పెట్టే బిళ్లలు) కూడా చూపిస్తారు. పటం మీద రెజిన్ పోసిన కోస్టర్ ఫోటోలో బాగుంటుంది. నిజం ఏమిటంటే మామూలు రెజిన్ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన ఇళ్లలో టీ గ్లాసు అంతకంటే వేడిగానే దిగుతుంది. మొదటి వారమే గుండ్రటి ముద్ర పడుతుంది. పది సెంటీమీటర్ల కోస్టర్‌కి 1.5 మి.మీ. మందానికి 15 మి.లీ. రెజిన్ పోసి చివరికి చల్లటి మజ్జిగ గ్లాసుకే పరిమితం చేసుకోవడం నష్టమే. వేడి తట్టేదని స్పష్టంగా డిగ్రీలు రాసి ఉన్న రెజిన్ అయితేనే టీకి వాడండి. లేదంటే పటం పైన 3 మి.మీ. గాజు పలక కోయించి, అంచులు రుద్దించి పెట్టండి. ఫోటో ఫ్రేములు కట్టే దుకాణంలో పది సెంటీమీటర్ల చదరాలు కోసి ఇస్తారు. అడుగున కార్కు షీటు. గాజుకీ అడుగు పలకకీ మధ్య అంచుల చుట్టూ సిలికాన్ సన్నగా గీస్తే నీరు దూరదు.

మాకు బాగా నచ్చినది ఇత్తడి పళ్లెం. శ్రీకాకుళం జిల్లా బుడితి పనివాళ్ల ఇత్తడి పళ్లెం, అరచేయంతది, తాళాలు వేసుకోవడానికి గుమ్మం దగ్గర పెట్టుకునేది. దాని నడుమ ఊరి పటం చక్రం అంటించి పైన 1 మి.మీ. రెజిన్ పోస్తే లోహం మెరుపు చుట్టూ అంచులా నిలుస్తుంది. పళ్లెం చింతపండుతో తోమితే మెరుస్తుంది గానీ, ఆ పులుపు గీతల్లో మిగిలితే రెజిన్ కింద నుంచే పచ్చ చిలుము పుడుతుంది. తోమాక చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచాకే పటం పెట్టాలి. పళ్లెం మట్టంగా ఉందో లేదో ఫోనులోని లెవెల్ యాప్‌తో చూసుకోండి. ఒక పక్క వాలితే రెజిన్ అటే చేరుతుంది.

గోడ పటానికి ఫ్రేము కట్టించేటప్పుడు కాగితం గాజుకి ఆనకూడదు. మధ్యలో మౌంట్ బోర్డుతో (పటం చుట్టూ పెట్టే మందపాటి అట్టతో) కనీసం 2, 3 మి.మీ. ఎడం ఉంచమనండి. ఆనితే వానాకాలం తేమకి కాగితం గాజుని అంటుకుపోయి, ఒలిచేటప్పుడు రంగు ఊడొస్తుంది. మౌంట్ ఆమ్లం లేనిది కావాలని అడగండి, మామూలు అట్ట అంచుల వెంట పదేళ్లలో గోధుమ రంగు గీత వేస్తుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు బిళ్లలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడి బూజు పట్టదు. నేరుగా ఎండ పడే గోడ, బాత్‌రూం పక్క గోడ వద్దు. లాంప్ షేడ్ చేయాలనుకుంటే ఒక వైపే అచ్చున్న పటం తీసుకుని, లోపల 5, 7 వాట్ల ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టండి.

కిట్ ఒకసారి కొనడానికే. చేయి తిరిగాక విడివిడిగా తెచ్చుకోవడం చవక. 25 మి.మీ. డోములు ఇరవై అయిదు, 12 మి.మీ.వి ఇరవై అయిదు, కాడ కలిపి పోతపోసిన ట్రేలు ఇరవై, డికూపేజ్ జిగురు 100 మి.లీ., బీ7000 ట్యూబు 15 మి.లీ., అంగుళం పంచ్ ఒకటి, 1.5 మి.మీ. మైనపు నూలు తాడు పది మీటర్లు. గొలుసు బదులు తాడెందుకంటే, పూత గొలుసు మన ఉక్కపోతకి మెడ మీద నల్ల గీత వేస్తుంది. తాడు మాసితే రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. లాకెట్‌కి 70 సెంటీమీటర్లు కోసి, రెండు కొసల్లో జారుముడి వేస్తే పొడవు ఎవరికి కావలసినంత వాళ్లు సర్దుకుంటారు. స్నానానికి ముందు తీసేయండి. సబ్బు నీరు ట్రే అంచున చేరితే ఎంత బాగా మూసిన కాగితానికైనా చివరికి తడి దిగుతుంది. అలా మచ్చ పడిన లాకెట్‌ని పారేయక్కర్లేదు. హెయిర్ డ్రయ్యర్ వేడి రెండు నిమిషాలు పట్టిస్తే బీ7000 మెత్తబడి డోము ఊడొస్తుంది. కాగితం గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి గీకేసి, అదే గాజుకి, అదే ట్రేకి కొత్త ముక్క అంటించుకోవచ్చు.